నా భార్య తల ఎముకకు యథాతథ స్థితి

ఆరోగ్య బీమా అధికారి గారి సముఖమునకు,
అదే కార్యాలయపు మెట్ల పక్కన, రేకు పందిరి కింద కూర్చుని ఊరందరి అర్జీలూ టైపు చేసే మనిషి తన కోసం మొదటిసారి వ్రాసుకున్న అర్జీ.

విషయం: చట్టం ఉంటుందో పోతుందో తేలే వరకు నా భార్య తల ఎముక ఆసుపత్రి ఫ్రిజ్‌లోనే ఉండవలెనన్న తమ సర్క్యులర్ గురించి.

సూచిక: (1) జాతీయ ఆరోగ్య బీమా సంస్కరణ చట్టం మీద కోర్టు ఇచ్చిన తీర్పు. (2) ఆ తీర్పు మీద తమరు ఆసుపత్రులకు పంపిన సర్క్యులర్. (3) నా ఓపిక. మూడోది జతపరచలేదు. అయిపోయింది.

అయ్యా,

ఈ "అయ్యా" అన్న మాటను ఇవాళ నేను అక్షరం అక్షరం కొట్టాను. మామూలుగా అయితే కొట్టను. నా కంప్యూటరులో ఒక్క మీట నొక్కితే "అయ్యా, తమ సముఖమునకు సవినయముగా మనవి చేసుకొనునది ఏమనగా" అని వాక్యం మొత్తం దానంతటదే పడుతుంది. ఇంకో మీట నొక్కితే చివర రావలసిన వినయం అంతా పడుతుంది. పదకొండేళ్లుగా ఈ ఊరి వినయం నా రెండు మీటల్లోంచే తమ బల్ల మీదికి వస్తోంది. నిన్న ఆ మీటలన్నీ తీసి పారేశాను. ఎందుకో తొమ్మిదో అంశంలో ఉంది. అందాకా తమరు చదువుతారన్న నమ్మకం నాకు లేదు. అయినా టైపు చేస్తున్నాను, వేరే పని చేతకాదు గనుక.

1. నా భార్య బస్సు కండక్టరు. ఇరవై రెండేళ్ల సర్వీసు. డిపోలో అందరూ ఆమెను "జరగండక్క" అంటారు. "కొంచెం లోపలికి జరగండి" అన్న మాటను ఆమె రోజుకు వెయ్యిసార్లు అంటుంది గనుక ఆ పేరు. ఇంట్లో కూడా నన్ను అలాగే జరుపుతుంది. అయిదు నెలల కిందట ఒక మధ్యాహ్నం, ఎవరో మనిషి ఫోనులో మాట్లాడుకుంటూ రోడ్డుకు అడ్డం వచ్చాడు. డ్రైవరు బ్రేకు తొక్కాడు. ఈమె అప్పుడు సీట్ల మధ్య నిలబడి ఎవరికో చిల్లర ఇస్తోంది. వెళ్లి తలుపు దగ్గరి ఇనుప కడ్డీకి కొట్టుకుంది. లేచి, బ్యాగు సర్దుకుని, మిగిలిన నలుగురికీ టిక్కెట్లు ఇచ్చింది. డిపోలో దిగి బల్ల మీద కూర్చుని మంచినీళ్లు అడిగింది. గ్లాసు తెచ్చేలోపల పడిపోయింది.

2. తల లోపల రక్తం గడ్డకట్టిందనీ, మెదడు వాచిందనీ, వాపుకు చోటు కావాలనీ చెప్పి డాక్టరమ్మ ఎడమ వైపు పుర్రె నుంచి అరచేయి అంత ఎముక కోసి తీశారు. ఆవిడ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి చెప్పారు. "ఎముక ఎక్కడికీ పోదు. శుభ్రం చేసి పెద్ద ఫ్రిజ్‌లో పెడతాం. మూడు నెలల్లో వాపు తగ్గుతుంది, అప్పుడు మళ్లీ దాని చోట్లో అది పెట్టేస్తాం. రెండు ఆపరేషన్లు కలిపితేనే ఒక వైద్యం అనుకోండి." కొత్త చట్టం కింద అందరికీ ఇచ్చిన బీమా కార్డు నా జేబులో ఉంది. ఎవరూ ఏమీ అడగలేదు. అంతకు ముందు బీమా అంటే పర్మనెంటు వాళ్లకే, ఈమెలాంటి కాంట్రాక్టు వాళ్లకు లేదు. ఆ రోజు ఆ చట్టం చేసినవాళ్లకు ఆసుపత్రి వరండాలోనే మనసులో దండం పెట్టుకున్నాను. ఆ దండంలో తమకు వాటా లేదు.

3. ఇంటికి వచ్చింది. ఎడమ వైపు ఎముక లేని చోట చర్మం మాత్రమే ఉంటుంది. ఊపిరి పీల్చినప్పుడల్లా అది లేస్తూ పడుతూ ఉంటుంది. దాన్ని చూస్తూ నేను అన్నం తినలేకపోయాను. ఆసుపత్రివాళ్లు మందపాటి స్పాంజి టోపీ ఇచ్చారు, గడ్డం కింద పట్టీతో. లేచినా నడిచినా అది ఉండాలి. "ఇంట్లో హెల్మెట్టేంటండీ, మంచానికీ బీరువాకీ మధ్య ట్రాఫిక్ ఏమన్నా ఉందా?" అంది. నవ్వాను. మొదటి మూడు నెలలు ఇద్దరం నవ్వుకున్నాం కూడా. తేదీ ఖాయమై ఉంది గనుక నవ్వగలిగాం.

4. ఆ తేదీకి నాలుగు రోజుల ముందు కోర్టు తీర్పు వచ్చింది. టీ కొట్టు టీవీలో చూశాను. చట్టంలో పన్నెండో సెక్షను, అంటే ప్రతివాడూ బీమాలో చేరి తీరాలన్నది, చెల్లదన్నారు. ఆ సెక్షను లేకుండా మిగతా చట్టం నిలబడుతుందా లేదా అన్నది పెద్ద ధర్మాసనం తేలుస్తుందన్నారు. ఎప్పుడు తేలుస్తుందో చెప్పలేదు. టీ కొట్టులో ఉన్న ఒక వకీలును నేనే అడిగాను.

"అయితే చట్టం ఉన్నట్టా సార్, పోయినట్టా?"

"ఉంది. కానీ లేనట్టు లెక్క."

"మా ఆవిడకి ఆపరేషన్ ఉంది సార్, శుక్రవారం."

ఆయన టీ తాగి గ్లాసు పెట్టేసి, "దేవుడున్నాడు" అన్నాడు. వాయిదా ముదిరిన కేసుల్లో కక్షిదారులకు వకీళ్లు చెప్పే మాట అది. నేను కొన్ని వందలసార్లు విన్నాను.

5. గురువారం ఆసుపత్రికి వెళితే బీమా కిటికీ దగ్గర కూర్చునే అమ్మాయి తమ సర్క్యులర్ నా ముందు పెట్టింది. మంచి పిల్ల. ఆ పిల్ల చేతిలో ఏమీ లేదు.

"చదవండి అంకుల్. 'చికిత్స మధ్యలో ఉన్న రోగులకు తుది తీర్పు వరకు యథాతథ స్థితి కొనసాగించవలెను.' మేమేం చేస్తాం చెప్పండి."

"అంటే ఏంటమ్మా?"

"అంటే ఆంటీ ఇప్పుడెలా ఉన్నారో అలాగే ఉండాలి."

"మరి ఎముక?"

"ఎముక కూడా."

"ఎముక ఫ్రిజ్‌లో ఉందమ్మా."

"అవునంకుల్. అందుకే ఫ్రిజ్‌లోనే."

నేను నవ్వాననుకుంటాను. ఎందుకంటే ఆ పిల్ల భయపడి నాకు మంచినీళ్ల సీసా ఇచ్చింది. తర్వాత గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. ఆ ఫ్రిజ్‌లో ఎముకను ఆరు నెలలకు మించి ఉంచరు. ఆరు నెలలు దాటితే పనికిరాదని తీసి పారేస్తారు. అది ఆసుపత్రి నియమం. పారేస్తే యథాతథ స్థితి చెడిపోదా అని అడిగాను. "అది స్టోరేజీ సెక్షన్ వాళ్లని అడగాలి" అంది. ఎముక పారేశాక లోహపు పలక పెట్టవచ్చునట. కానీ అది కొత్త చికిత్స కిందికి వస్తుంది, కొత్త చికిత్సలకు అనుమతి ఇవ్వవద్దని తమ సర్క్యులరులోనే రెండో పేరాలో ఉంది. అంటే ఎముకను వెనక్కి పెట్టకూడదు, ఉంచకూడదు, వేరేది పెట్టకూడదు. ఒక మనిషి తలను ఇంత పద్ధతిగా మూసివేసిన కార్యాలయం ఇంకెక్కడా ఉండదు.

6. ఈ అంశంలో తమ గురించి నేను రాసింది చదివి మా బావమరిది తీసేయమన్నాడు. అతను వకీలు దగ్గర గుమాస్తా, కేసు అవుతుందన్నాడు. తీసేశాను.

7. అప్పటి నుంచి తమ కార్యాలయానికి పద్దెనిమిదిసార్లు వచ్చాను. నాకు దూరం లేదు, మెట్లు ఎక్కితే చాలు. సూపరింటెండెంటు గారు ప్రతిసారీ ఒకే మాట చెప్పారు. "యథాతథం అంటే యథాతథమే కదయ్యా, నాకు తెలుగు నేర్పుతున్నావా?" ఫైలు పైకి పంపామంటారు. పైన అడిగితే కింద ఉందంటారు. తల ప్రాణం తోకకు రావడం అంటే ఏమిటో నాకు ఆ మెట్ల మీద అర్థమైంది.

ఈలోగా ఇంట్లో ఏం జరుగుతోందో తమకు తెలియాలి. నాలుగో నెలలో ఆమె తలలో ఆ చోటు లోపలికి దిగబడడం మొదలైంది. లేచి నిలబడితే తలనొప్పి. కుడి చేతిలో గ్లాసు నిలవదు. అన్నిటికంటే ఘోరం, మాటలు తప్పుతున్నాయి. దువ్వెన ఇవ్వమనబోయి "విజిల్ ఇవ్వండి" అంటుంది. నాకు తెలిసినవాళ్లందరిలో మాటకు తడుముకోని మనిషి ఆమె. క్రిక్కిరిసిన బస్సులో తాగుబోతును ఒక్క మాటతో దింపేసిన మనిషి. ఇప్పుడు తప్పు మాట నోటి నుంచి వచ్చిందని తనకే తెలుస్తుంది. తెలిసి, నా మొహం చూస్తుంది, నేను గమనించానా లేదా అని. గమనించనట్టు నటిస్తాను. ఆ నటన నాకు చేతకావడం లేదు.

డాక్టరమ్మ సూటిగా చెప్పారు. "ఎముక పెట్టేస్తే మెదడు మీద ఆ ఒత్తిడి పోతుంది, చాలావరకు మాటలు వెనక్కొస్తాయి. ఆలస్యమైతే ఎన్ని వస్తాయో నేను చెప్పలేను." ఇవాళ సోమవారం. ఆరు నెలల గడువుకు పంతొమ్మిది రోజులు ఉంది.

8. నాలాంటివాళ్లు చాలామంది ఉన్నారు. ఒక కంటికి ఆపరేషన్ అయి రెండో కంటికి ఆగిపోయిన రంగులేసే పెద్దాయన ఉన్నాడు. గోడకు సగం వరకే రంగు సరిగ్గా పడుతోందని పనిలోంచి తీసేశారు. కాలిలో ఇనుప కడ్డీలు వేసి, తీయాల్సిన రోజున తీయకుండా పంపిన దర్జీ ఒకామె ఉంది. కుట్టుమిషను తొక్కలేదు. అందరూ నా పందిరి కిందికే వచ్చారు. నలభై ఒక్క అర్జీలు టైపు చేశాను. ఒక్కొక్కరి కథ వింటూ, టైపు చేస్తూ, వాళ్లతో కలిసి తమరిని తిట్టాను. ఎవడో కళ్లు మూసుకుని ఈ మాట రాశాడమ్మా అన్నాను. చేతులు పడిపోనూ అని కూడా అన్నాను. ఇది గుర్తు పెట్టుకోండి, కింద పనికొస్తుంది.

9. పోయిన బుధవారం మా బావమరిది తీర్పు నకలు సంపాదించి తెచ్చాడు. నాలుగు వందల పేజీలు. అతనే నూట ఎనభై ఏడో పేజీ తీసి వేలు పెట్టి చూపించాడు.

"బావా, ఇది చూడు. 'చికిత్స మధ్యలో ఉన్న రోగులకు తుది తీర్పు వరకు యథావిధిగా చికిత్స కొనసాగించవలెను.' యథావిధిగా! యథాతథ స్థితి కాదు. కోర్టు వైద్యం ఆపమనలేదు బావా. మానొద్దంది."

నాకు ఒళ్లు మండిపోయింది. ఒక్క మాట తేడా. మామూలుగా జరగవలసినట్టు జరగనివ్వండని కోర్టు అంటే, ఎక్కడివాళ్లను అక్కడే ఆపేయమని తమరు రాశారు. నకలు చంకన పెట్టుకుని మెట్లెక్కాను. అటెండరు ఆపినా ఆగలేదు. తమరు ఫోను చూసుకుంటున్నారు. తల ఎత్తలేదు. పదకొండేళ్లుగా తమ కిటికీ కిందే కూర్చుంటున్న నన్ను చూసి "ఎవరయ్యా నువ్వు?" అన్నారు. పేజీ చూపించాను. తమరు రెండుసార్లు చదివారు. మొహం మారింది. అంతవరకూ న్యాయంగానే ఉంది.

తర్వాత తమరు "ఈ సర్క్యులర్ ఎవడు టైపు చేశాడు?" అని అరిచారు. సూపరింటెండెంటు గారు పరుగున ఫైలు తెచ్చారు. అందులో తమ చేతిరాత చిత్తు కాగితం ఉంది. అక్కడ తమరు రాసింది ఇది: "చికిత్స మధ్యలో ఉన్న రోగులకు తుది తీర్పు వరకు యథా. కొనసాగించవలెను." యథా, పక్కన చుక్క. రెండు మాటలు పూర్తిగా రాయడానికి తమకు బద్ధకం.

"బయట కొట్టించాం సార్," అన్నారు సూపరింటెండెంటు గారు. "మన టైపిస్టు రిటైరైపోయాక అన్నీ మెట్ల దగ్గరే కొట్టిస్తున్నాం కదా."

తమరిద్దరూ నా వైపు చూశారు. అటెండరు కూడా చూశాడు.

అయ్యా, నేను ఇరవై ఏళ్లు కోర్టు కాగితాలు కొట్టినవాణ్ణి. కోర్టు కాగితాల్లో "యథా" తర్వాత వచ్చేది "తథ స్థితి" ఒక్కటే. అందుకే నా కంప్యూటరులో ఒక మీట పెట్టుకున్నాను. యథా అని కొట్టి ఆ మీట నొక్కితే "యథాతథ స్థితి" అని పడుతుంది. రోజుకు యాభై కాగితాలు. నేను చదవను, కొడతాను. తమ కాగితం కూడా అలాగే కొట్టాను. నా వేళ్లే నా భార్య తల ఎముకను ఫ్రిజ్‌లో పెట్టి తాళం వేశాయి. ఆసుపత్రిలో దాన్ని చూసిన ఆ గురువారం అందరికంటే ముందు ఆ సర్క్యులరును తిట్టింది కూడా నేనే.

తమ మొహంలో అప్పుడు కనిపించిన నిశ్చింత నేను చచ్చేదాకా మరిచిపోను. తప్పు తమది కాదని తేలింది. కుర్చీలో వెనక్కి వాలారు. "చూశావా, తప్పు నీదే" అన్నారు. నాదే. ఒప్పుకుంటున్నాను. కానీ ఆ కాగితం సాఫు అయ్యాక తమ బల్ల మీదికి వచ్చింది. దాని మీద సూపరింటెండెంటు గారి పొట్టి సంతకం, తమ పొడుగు సంతకం ఉన్నాయి. రాసింది తమరు, కొట్టింది నేను, చదవనిది అందరం. అందులో ఇద్దరికి జీతాలు, పింఛన్లు, సెలవులు ఉన్నాయో లేదో తమరే చూసుకోండి. నాకైతే లేవు.

సరే, తప్పు ఎవరిదైనా దిద్దండి అన్నాను. అప్పుడు తమరు అన్న మాట ఈ కార్యాలయం గోడ మీద చెక్కించవలసినది.

"దిద్దడం అంత తేలికా? సర్క్యులర్ మారిస్తే యథాతథ స్థితి మారినట్టవదా? లీగల్ ఒపీనియన్ తీసుకోవాలి."

"ఎన్ని రోజులు పడుతుంది సార్?"

"పెద్ద బెంచి ముందు ఉన్న విషయం. నెలా, రెణ్ణెల్లా... చెప్పలేం."

ఇరవై నాలుగు రోజులే ఉన్నాయని చెప్పాలని నోరు తెరిచాను. అప్పటికే తమరు ఫోను తీసుకున్నారు.

10. కావున పై విషయములను పరిశీలించి, సర్క్యులరులో ఒక్క మాట దిద్ది, తీర్పులో ఉన్నది ఉన్నట్టు ఆసుపత్రులకు తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. కోరుతున్నాను అన్నది మర్యాదకు. నిజానికి అడుగుతున్నాను. ఇంకా నిజానికి, తమ మెడ పట్టుకుని అడగాలని ఉంది. నా తప్పుకు ఏ శిక్ష వేసినా సరే, ఆమె మాటలు ఆమెకు రానివ్వండి. తప్పు టైపు చేసినవాడికి వెయ్యండి శిక్ష, టిక్కెట్లు ఇచ్చిన మనిషికి కాదు.

ఇన్నాళ్లూ అందరి తరఫునా "చిత్తగించవలెను" అని మీట నొక్కాను. చిత్తం అంటూ ఒకటి ఉంటేనే కదా చిత్తగించేది. అయినా ఈసారి ఏడు అక్షరాలూ విడివిడిగా కొట్టి పెడుతున్నాను: చిత్తగించవలెను.

తమకు విధేయుడిగా ఇక కుదరని,
మెట్ల పక్క టైపు మనిషి

జత: తీర్పు నకలు నూట ఎనభై ఏడో పేజీ. తమ చేతిరాత చిత్తు కాగితం జిరాక్సు.

తా.క. పైదంతా సోమవారం టైపు చేశాను, కానీ ఇవ్వలేదు. ఇది అదే వారం శనివారం, ఆసుపత్రి వరండాలో కూర్చుని పెన్నుతో రాస్తున్నాను. ఇక్కడ మీటలు లేవు, అయ్యా గియ్యా కూడా లేవు. సూటిగా చెప్పేస్తాను.

సోమవారం సాయంత్రం అర్జీ జేబులో పెట్టుకుని ఇంటికి వెళ్లాను. ఆ సర్క్యులర్ కొట్టింది నేనేనని ఆమెకు అప్పటిదాకా చెప్పలేదు. చెప్పేశాను. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. నా వేళ్ల వైపు చూసింది. తర్వాత ఒక్కో మాటా వెతుక్కుంటూ అంది.

"తప్పు టిక్కెట్ కొడితే ఏం చేస్తామండీ మేం? పాసింజర్‌ని దింపేస్తామా? ఇంకో... ఇంకో టిక్కెట్ కొట్టి చేతిలో పెడతాం."

"అది మీ బస్సులో కుదురుతుంది. ఇక్కడ ఆయన సంతకం పెట్టాలి కదా."

"మొదటిది చదివి పెట్టాడా?"

అంతే. ఇరవై రెండేళ్ల సర్వీసు ఊరికే పోలేదు. తలలో అరచేయి అంత ఎముక లేకపోయినా తమరికంటే, నాకంటే, ఆ పెద్ద ధర్మాసనం కంటే కూడా ఆమె తలే బాగా పనిచేస్తోంది.

మంగళవారం పొద్దున తమ కార్యాలయం నుంచి టైపు చేయమని ఇరవై ఆరు కాగితాలు వచ్చాయి. మధ్యాహ్నానికి ఇరవై ఏడు తిరిగి వెళ్లాయి. పధ్నాలుగోది "పై సర్క్యులరుకు సవరణ". అందులో నా సొంత మాట ఒక్కటీ లేదు. తీర్పు నూట ఎనభై ఏడో పేజీలో ఉన్న వాక్యం, యథావిధిగా అన్న మాటతో సహా, ఉన్నది ఉన్నట్టు దించాను. దాన్ని ఏడుసార్లు చదివాను. ఇన్నేళ్లలో నేను చదివి కొట్టిన మొదటి కాగితం అది. సూపరింటెండెంటు గారు పొట్టి సంతకం పెట్టారు. తమరు పొడుగు సంతకం పెట్టారు. నాలుగు గంటలకల్లా అన్ని ఆసుపత్రులకూ వెళ్లిపోయింది. అటెండరుకు ఇందులో ఏమీ తెలియదు. అతణ్ణి ఒక్క మాట అన్నా ఊరుకోను.

బుధవారం బీమా కిటికీ అమ్మాయి తనే ఫోన్ చేసింది. "అంకుల్, ఆంటీని తీసుకొచ్చేయండి" అని ఏడ్చేసింది. నిన్న పొద్దున ఆమెను లోపలికి తీసుకెళ్లారు. నాలుగు గంటలు పట్టింది. ఎముక దాని చోట్లో అది కూర్చుందని డాక్టరమ్మ చెప్పారు. ఇవాళ కళ్లు తెరిచింది. నేను మంచం పక్కన స్టూలు మీద అడ్డంగా కూర్చుని ఉంటే, నర్సు అటు వెళ్లడానికి చోటు లేదని చూసి, "జరగండి" అంది. సరైన మాట. సరైన చోట. నేను బయటికి వచ్చి ఈ వరండాలో ఏడ్చాను. ఆ సంగతి తమకు చెప్పవలసిన అవసరం లేదు గానీ, చెప్పాలనిపించింది.

ఇప్పుడు అసలు విన్నపం. రంగులేసే పెద్దాయనకు గురువారమే రెండో కంటికి కట్టు కట్టారు. ఇంకా నలభై మంది వరసలో ఉన్నారు. అందరివీ పూర్తి కావడానికి మూడు వారాలు పడుతుందని ఆసుపత్రి అంటోంది. నేను తప్పించుకుపోయే మనిషిని కాను. అందుకే జరిగింది జరిగినట్టు నా చేత్తో రాసి, ఈ అర్జీని పద్ధతి ప్రకారం సోమవారం తమ ఇన్‌వార్డు సెక్షన్లో ఇస్తున్నాను. రసీదు తీసుకుంటాను. అక్కడ ఇచ్చిన కాగితం తమ బల్ల చేరడానికి తక్కువలో తక్కువ అయిదు వారాలు పడుతుంది. పదకొండేళ్లుగా చూస్తున్నాను, ఒక్కసారి కూడా ముందు చేరలేదు. దయచేసి ఈసారి కూడా ఆ పద్ధతి తప్పనివ్వకండి.

ఇది తమ చేతికి వచ్చేసరికి చట్టం ఉంటుందో ఊడుతుందో నాకు తెలియదు. కానీ అప్పటికి ఎవరి కన్ను వాళ్లకు, ఎవరి కాలు వాళ్లకు వచ్చేసి ఉంటాయి. మా ఆవిడ ఎముక ఆమె తలలో ఉంటుంది. అప్పుడు తమరు నన్ను జైల్లో వేయించి, నా సవరణను రద్దు చేసి, పాత సర్క్యులరునే మళ్లీ తెచ్చుకోండి. యథాతథ స్థితి కొనసాగించండి. ఒక్క అక్షరం కూడా దిద్దనక్కరలేదు.